రేపల్లె పాసింజర్లో రాని బ్లాంకు

మా పిన్ని కొడుకు మొన్న రాత్రి ఫోన్ చేశాడు. బాపట్లలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. "గ్రూప్ డిస్కషన్లో పోయిందన్నా. పదిహేను నిమిషాల్లో ఒక్క ముక్క మాట్లాడలేదు. అంతా బ్లాంక్. నాకు ఇంగ్లీష్ రాదన్నా, ఇంక ఉద్యోగం ఆశ వదిలేస్తా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. వాడి మీద కాదు, వాడికి ఆ మాట నమ్మించిన వాళ్ళ మీద.

ఎందుకంటే సంక్రాంతికి తెనాలి నుంచి రేపల్లె పాసింజర్లో ఇద్దరం కలిసే వెళ్ళాం. పెట్టెలో జిల్లాల గొడవ మొదలైంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది కదా. ఒక పెద్దాయన "గుంటూరు కంటే బాపట్ల దగ్గరేగా, ఇంకేం కావాలయ్యా మీకు?" అన్నారు. మావాడు వెంటనే "దగ్గరే బాబాయ్ గారూ, కానీ రైలేదీ? సొంత జిల్లా కేంద్రానికి రైల్లో పోవాలంటే పక్క జిల్లాలో ఉన్న తెనాలికొచ్చి బండి మారాలి" అన్నాడు. ఆయన బస్సులున్నాయిగా అన్నారు. వీడు దానికీ జవాబు చెప్పాడు. వేమూరు నుంచి భట్టిప్రోలు దాకా వాడిదే రాజ్యం. ఇంతకంటే గ్రూప్ డిస్కషన్ ఏముంటుంది చెప్పండి?

తేడా ఒక్క భాషలోనే లేదు. రైల్లో వాడు ఎదుటివాళ్ళు చెప్పేది విన్నాడు, దానికి బదులిచ్చాడు. డిస్కషన్లోనేమో బట్టీ పట్టిన పన్నెండు పాయింట్లు మోసుకెళ్ళి కూర్చున్నాడు. తెలుగులో అనుకోవాలి, ఇంగ్లీష్లోకి మార్చుకోవాలి, గ్రామర్ సరిచూసుకోవాలి, సందు కోసం కాచుకోవాలి, ప్యానెల్ మొహాలు చూడాలి. ఇన్ని పనులు ఒక్కసారే నెత్తినేసుకుంటే వినడానికి బుర్రలో చోటెక్కడిది? వాక్యం తయారయ్యేసరికి చర్చ ఇంకో చోటికి పోయింది. బ్లాంకంటే ఇదే. మనకి ఏమీ తెలియక వచ్చేది కాదు.

బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు గారి కథ ఇక్కడ చెప్పుకోవాలి. 1920లో హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి వేషధారి రాకపోతే, ఆ వేషం తను వేస్తానని ముందుకొచ్చారు. తర్వాత తెనాలి శ్రీరామవిలాస సభలో చేరారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఉన్నపళంగా అలా రంగస్థలం ఎక్కడం అంతకుముందు చెవులొగ్గి వినకుండా ఎవరివల్లా కాదని నా నమ్మకం.

అందుకే మావాడికి చెప్పాను. ఎలాగైనా మొదట నువ్వే మాట్లాడాలని కోచింగుల్లో చెప్పేది పక్కన పెట్టు. ముందు ఇద్దరు చెప్పేది విను. కాగితం మీద వాక్యాలు రాయకు, మూడు మాటలు రాసుకో చాలు. పక్కవాడి ఆఖరి మాట పట్టుకుని "అది నిజమే, కానీ.." అని చిన్న వాక్యంతో మొదలుపెట్టు. అయినా బ్లాంక్ వచ్చిందా? అప్పటిదాకా ఇద్దరు చెప్పినదాన్ని ఒక్క మాటలో చెప్పు, లేదా ఒక ప్రశ్న వెయ్యి. అదీ మాట్లాడటమే. ఇక అద్దం ముందు ప్రాక్టీసు మానెయ్, అద్దం ఎదురు చెప్పదు :) నలుగురు స్నేహితుల్ని పోగేసి ఇదే జిల్లాల గొడవ ముందు తెలుగులో, వెంటనే ఇంగ్లీష్లో వాదించుకోండి. తప్పులొస్తే రానీ.

ఈ సలహాలు ఇచ్చే అర్హత నాకుందా అంటే, క్యాంపస్లో నా మొదటి డిస్కషన్లో నేనూ నోరు తెరవలేదు. ఆ తర్వాత రెండేళ్ళు ఆఫీసు కాల్స్‌లో మ్యూట్ వెనకే దాక్కున్నాను. నేను రాసిన కోడ్ గురించి వేరేవాళ్ళు చెబుతుంటే విన్నాను. పోయింది ఒక్క ఉద్యోగం కాదు, నా మాట మీద నాకున్న నమ్మకం.

ఇప్పుడు మనలో చాలామంది టేబుల్‌కి అవతలివైపు, ప్యానెల్లో కూర్చుంటున్నాం. గొంతు పెద్దదైనవాడికి మార్కులేసి లేచిపోకండి. మాట్లాడనివాణ్ణి పేరు పెట్టి పిలిచి, "ఇందాక అతనన్నదానికి నువ్వేమంటావ్?" అని ఒక్కసారి అడగండి. అర నిమిషం పని. రేపల్లె పాసింజర్లో పెద్దాయన చేసింది అదేగా!