సోరాఫెనిబ్ వాడేవారికి ఊళ్లోనే పరీక్ష జరగాలి

గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల ప్రజలారా! ఆరోగ్యశాఖ అధికారులారా!

ముదిరిన కాలేయ క్యాన్సర్‌కు, కిడ్నీ క్యాన్సర్‌కు ఇచ్చే సోరాఫెనిబ్ మాత్రలకు ఒకప్పుడు నెలకు సుమారు 2,80,000 రూపాయలయ్యేది. 2012 మార్చిలో పేటెంట్ కంట్రోలర్ దేశంలోనే తొలి తప్పనిసరి లైసెన్సును, అంటే పేటెంటుదారు ఒప్పుకోకున్నా మందు తయారుచేసే అనుమతిని, నాట్కో సంస్థకిచ్చి, నెలకు సరిపడే 120 మాత్రలు 8,880 రూపాయలకు మించి అమ్మరాదన్నారు. పేటెంటున్న బేయర్ కంపెనీ సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 2014లో లైసెన్సే నిలిచింది. ఆ నాట్కోను స్థాపించిన నన్నపనేని వెంకయ్య చౌదరి మన గుంటూరు జిల్లావారే. అంత పోరాడి తెచ్చుకున్న మందు సగంలో ఆగిపోకూడదు.

క్యాన్సర్ గడ్డ ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగాలంటే దానికి సొంత రక్తనాళాలు కావాలి. ఈ సంగతి 1971లో బోస్టన్ వైద్యుడు జూడా ఫోక్‌మన్ చెప్పారు. అందుకోసం గడ్డ వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను వదులుతుంది. అది పక్కనున్న రక్తనాళానికి తగిలితే అక్కడినుంచి కొత్త కొమ్మలు పుట్టి గడ్డలోకి పాకుతాయి. సాగర్ కాలువకు దొంగతూము పెట్టి నీళ్లు మళ్లించుకున్నట్టే. సోరాఫెనిబ్ ఆ ప్రోటీన్ సంకేతాన్ని అడ్డుకుంటుంది. జబ్బు పూర్తిగా నయం కాదు. ఆయుష్షు కొన్ని నెలలు పెరుగుతుంది. ఆ నెలలు ఆ ఇంటికి ఎంత విలువైనవో వేరే చెప్పాలా?

వీఈజీఎఫ్ ఒంటికీ అవసరమే. దాన్ని అడ్డుకుంటే బీపీ పెరుగుతుంది. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి, మండి, బొబ్బలెక్కుతాయి. మన దగ్గర ప్రమాదం ఇక్కడే ఉంది. మిరపకోతకు వెళ్లే ఆడకూలీకి చేతులు మండితే, అది కాయ ఘాటేననుకుని కొబ్బరినూనె రాసి ఊరుకుంటుంది. మంట భరించలేనప్పుడు ఎవరినీ అడక్కుండా మాత్రలు మానేస్తుంది. వారం ముందే ఎవరైనా ఆ చేతులు చూసి ఉంటే, డాక్టరు మోతాదు తగ్గించో, కొన్నాళ్లు ఆపి మళ్లీ మొదలుపెట్టో వైద్యం కొనసాగించేవారు.

అందుకే అడుగుతున్నాం. గుంటూరు పెద్దాసుపత్రిలో గానీ, ఒంగోలులో గానీ ఈ మాత్రలు రాసిన రోజే ఆ రోగి ఊరి ఏఎన్‌ఎంకు కబురు అందాలి. మొదటి ఆరు వారాలు వారానికోసారి ఏఎన్‌ఎం ఆ రోగి బీపీ చూడాలి, చేతులూ కాళ్లూ చూడాలి, లోపల రక్తస్రావం ఉంటే తెలిసేలా మలం నల్లగా పోతోందేమో అడగాలి. తేడా ఉంటే అక్కడినుంచే క్యాన్సర్ డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడాలి. తర్వాతి నెల మాత్రలు దగ్గర్లోని ఏరియా ఆసుపత్రిలోనే ఇవ్వాలి. కూలి పోగొట్టుకుని మార్కాపురం నుంచి బస్సెక్కి రానక్కర్లేకుండా చూడాలి. బీపీ మిషను, ఏఎన్‌ఎం ఇప్పటికే ఉన్నారు. కావలసింది ఒక ఉత్తర్వు, ఒక పూట శిక్షణ.

వచ్చే గ్రామసభలో దీన్ని తీర్మానం చేయించి జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి పంపండి.