బ్రేకే తొక్కానన్న పెద్దాయన

2019 ఏప్రిల్ 19 మధ్యాహ్నం. టోక్యోలోని ఇకెబుకురోలో ఒక ప్రియస్ కారు ఎర్రలైటును లెక్కచేయకుండా దూసుకుపోయింది. సైకిల్ మీద రోడ్డు దాటుతున్న 31 ఏళ్ల తల్లి, మూడేళ్ల కూతురు ప్రాణాలు కోల్పోయారు. కారు నడిపింది 87 ఏళ్ల మాజీ ఉన్నతాధికారి, చేతికర్ర సాయంతో నడిచే మనిషి. తాను బ్రేకే తొక్కాననీ, తప్పు కారుదేననీ ఆయన కోర్టులో వాదించాడు. బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కాడని కోర్టు తేల్చి, 2021 సెప్టెంబరులో ఐదేళ్ల జైలుశిక్ష వేసింది. శిక్ష అనుభవిస్తూనే 2024లో ఆయన కన్నుమూశాడు.

ఆయన అబద్ధమాడాడని అనుకోనక్కర్లేదు. కాలు ఎక్కడ పడిందో తెలియలేదు. తెలియలేదన్న సంగతీ తెలియలేదు. కారు ఎప్పుడు మానేయాలన్న ప్రశ్నలో అసలు చిక్కు ఇదే. గ్లకోమా చూపును అంచుల నుంచి కొరుక్కుంటూ వస్తుంది. ఆ ఖాళీలను మెదడే పూడ్చేస్తుంది కాబట్టి మనిషికి అంతా బాగానే కనిపిస్తున్నట్టుంటుంది. ఇన్సులిన్ వాడేవారికి చక్కెర పడిపోతే తికమక మొదలవుతుంది. జబ్బు పాతబడినకొద్దీ చెమట, వణుకు లాంటి ముందస్తు హెచ్చరికలు కొందరిలో మాయమవుతాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ‘నా సంగతి నాకు తెలుసు’ అన్న మాటను అక్కడ నమ్మలేం.

జపాన్ ఆ మాటను నమ్మి ఊరుకోలేదు. లైసెన్సును స్వచ్ఛందంగా తిరిగిచ్చే పద్ధతి అక్కడ 1998 నుంచీ ఉంది. 75 దాటినవారు లైసెన్సు పొడిగించుకోవాలంటే జ్ఞాపకశక్తి పరీక్షకు కూర్చోవాలి: ఈ రోజు తేదీ ఎంత, వారం ఏమిటి, ఇందాక చూపిన 16 బొమ్మలేమిటి? అయినా జనాన్ని కదిలించింది ఇకెబుకురో ప్రమాదమే. 2018లో సుమారు 4.2 లక్షల మంది లైసెన్సులు తిరిగిచ్చేస్తే, 2019లో ఆ సంఖ్య 6 లక్షలకు చేరింది. తర్వాతి ఏళ్లలో మళ్లీ తగ్గింది. తిరిగిచ్చినవారికి ఒక ధ్రువపత్రం ఇస్తారు. అది చూపిస్తే చాలాచోట్ల బస్సు, టాక్సీ చార్జీల్లో రాయితీ దొరుకుతుంది. బస్సే రాని పల్లెలో ఆ కాగితం దేనికి పనికొస్తుంది?

 

మన దగ్గర చట్టం లేకపోలేదు. 55 దాటాక లైసెన్సు ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 40 దాటినవారికి ఫారం 1ఏ మీద డాక్టరు సంతకం కావాలి. ఆ సంతకం ఎంత తీరిగ్గా చూసి పెడుతున్నారో ఆర్టీఓ ఆఫీసు గుమ్మం తొక్కినవారికి చెప్పనక్కర్లేదు. జ్ఞాపకశక్తి పరీక్ష ఊసే లేదు. పైగా మన పెద్దల్లో చాలామందికి బండి అంటే స్కూటరే. మెడ తిప్పి వెనక చూడలేకపోతే దాన్ని పట్టించుకునే ఫారం ఏదీ లేదు.

కాబట్టి భారం ఇంటిమీదే పడుతుంది. డాలస్ నుంచి ఫోన్ చేసి ‘నాన్నా, ఇక కారు తీయకండి’ అనడం కొడుక్కి తేలికే. నెలనెలా కంటి ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారన్నది ఆ ఫోన్లో చర్చకు రాదు. 60 దాటినవారికి ఏపీఎస్ఆర్టీసీ టికెట్ మీద 25 శాతం రాయితీ ఇస్తోంది. అయితే బస్సు మెట్టు ఎక్కాల్సింది కూడా, బ్రేకు తొక్కలేకపోయిన ఆ కాలే.