జచ్చా గదిలోకి ఎవరి నజర్?

హైదరాబాద్‌లో ఖిల్వత్ అంటే చౌమహల్లా ప్యాలెస్ ఉన్న మొహల్లా. ఉర్దూలో ఆ మాటకి ఏకాంతం అని అర్థం. బిడ్డ ఏడుపు వినిపించే యంత్రం గురించి రాయబోతూ ఈ మాటెందుకు ఎత్తానో చెప్తాను. ఈ మధ్య దోస్తులు, రిష్తేదార్లు తరచూ అడుగుతున్నారు: "భాయ్, బేబీ మానిటర్ ఏది కొనాలి? కెమెరా ఎన్ని పిక్సెల్స్ ఉండాలి?" పిక్సెల్స్ సంగతి తర్వాత. జచ్చా, బచ్చా ఉన్న గది నుంచి బయల్దేరిన గొంతూ బొమ్మా గాలిలో ఏ దారిన పోతాయి, ఎంతమంది చేతికి అందుతాయి? ముందు అడగాల్సింది ఇది.

ఈ మానిటర్లు స్థూలంగా నాలుగు రకాలు.

పాతది అనలాగ్. మామూలు రేడియో లాంటిదే. ఖరీదు తక్కువ. కానీ అదే ఫ్రీక్వెన్సీలో సెట్టు పెట్టుకున్న పక్కింటివాళ్లకి మీ గదిలో మాటలు వినిపిస్తాయి. దానికి తాళం లేదు. వాడినది ఉట్టినే ఇస్తామన్నా షుక్రియా చెప్పి వదిలేయండి.

రెండోది డెక్ట్. కార్డ్‌లెస్ ఫోన్ల కోసం యూరప్‌లో పుట్టిన డిజిటల్ పద్ధతి. గొంతు మాత్రమే పంపే మానిటర్లలో ఎక్కువగా ఉంటుంది. వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ గుమిగూడే 2.4 గిగాహెర్ట్జ్ గోలకి దూరంగా ఉంటుంది కాబట్టి గరగర తక్కువ. ఒక్క విషయంలో ఖబర్దార్. యూరప్ డెక్ట్ 1880-1900 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంది. అమెరికాలో డెక్ట్ 6.0 పేరుతో అమ్మేది 1920-1930లో. మన దేశంలో ఆ భాగం మొబైల్ ఫోన్లు టవర్‌కి సిగ్నల్ పంపే బ్యాండులోది. చికాగో నుంచి మామూ ప్రేమగా తెచ్చే తోఫా ఇక్కడ టవర్లకి అడ్డు తగులుతుంది. తెమ్మని చెప్పేముందు డబ్బా మీద ఫ్రీక్వెన్సీ చదివించండి.

మూడోది 2.4 గిగాహెర్ట్జ్‌లోనే క్షణక్షణం ఛానల్ మార్చుకుంటూ పోయే రకం. డబ్బా మీద ఎఫ్‌హెచ్‌ఎస్‌ఎస్ అని ఉంటుంది. కెమెరా, దాని తెర ముందే జతపడి వస్తాయి. ఇంటర్నెట్ అక్కర్లేదు. కరెంటు పోయి రౌటర్ ఆగినా, రెండు ముక్కల్లోనూ బ్యాటరీ ఉంటే పని ఆగదు. దీని ఇబ్బంది దూరం. డబ్బా మీద 300 మీటర్లు అని రాసి ఉంటే అది ఖాళీ మైదాన్ లెక్క. పాత ఇళ్ల రాతి గోడలు, కొత్త ఇళ్ల ఇనుప చువ్వల స్లాబు దాటేసరికి బాగా తగ్గిపోతుంది. వాపస్ తీసుకుంటారో లేదో ముందే అడిగి, తెచ్చిన రోజే తెర పట్టుకుని వంటింటి దాకా, మిద్దె మీద దాకా నడిచి చూసుకోవాలి.

నాలుగోది వైఫై. వేరే తెర ఉండదు, ఫోన్‌లో యాప్. ఎక్కడి నుంచైనా చూడొచ్చు. చాలా వాటిల్లో బొమ్మ మీ రౌటర్ దాటి, కంపెనీ సర్వర్ మీదుగా ఫోన్‌కి చేరుతుంది. 2013లో హ్యూస్టన్‌లో ఒక ఇంటి మానిటర్‌లోకి ఎవడో చొరబడి, నిద్రపోతున్న రెండేళ్ల పాపని బూతులు తిట్టాడు. అంతకు ముందు ఏడాది ఒక కంపెనీ లోపం వల్ల దాదాపు 700 కెమెరాల దృశ్యాలు నెట్‌లో బయటపడ్డాయి. ఉయ్యాలలో నిద్రపోయే పిల్లలు కూడా వాటిలో ఉన్నారు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీ మీద చర్య తీసుకుంది. డెక్ట్ తాళం కూడా విరగనిదేమీ కాదు. కానీ దాన్ని విరగ్గొట్టాలంటే చోర్ మీ గల్లీకి రావాలి. వైఫై కెమెరాకి ఏ ముల్కు నుంచైనా ప్రయత్నించవచ్చు.

అయితే నా ఫికర్ ఆ పరాయి చోర్ గురించి మాత్రమే కాదు. అయినవాళ్ల గురించి కూడా.

మన ఇళ్లలో మొదటి కాన్పుకి ఆడపిల్ల మైకేకి వస్తుంది. చిల్లా నలభై రోజులూ ఆ గదే ఆమె ప్రపంచం. అక్కడే పాలిస్తుంది, అక్కడే బట్టలు మార్చుకుంటుంది, అక్కడే అమ్మీ ఒళ్లో తల పెట్టుకుని ఏడుస్తుంది. ఆ గదిలో వైఫై కెమెరా పెట్టి, యాప్ పాస్‌వర్డ్ జిద్దాలో ఉన్న షొహర్‌కి, ససురాల్‌లో సాస్‌కి, నందకి ఇచ్చామనుకోండి. వాళ్లు చూసేది మున్నానే కావచ్చు. కానీ మున్నా పక్కన ఉన్నది ఎవరు? ఎవరు ఎప్పుడు చూస్తున్నారో ఆమెకి తెలియదు. "బిడ్డని ఏడిపిస్తున్నావేం?" అని రాత్రి రెండింటికి ఫోన్ వచ్చాక తెలుస్తుంది.

దూరదేశంలో చెమటోడ్చే తండ్రికి బిడ్డని చూసుకునే హక్కు లేదా అంటారు. ఉంది. ఆ తడప్ నాకు అర్థమవుతుంది. దానికి వీడియో కాల్ ఉంది. కాల్ మోగుతుంది, ఆమె దుపట్టా సర్దుకుని ఎత్తుతుంది. అది ఇజాజత్. కెమెరా మోగదు. ఇంట్లో చిన్నపిల్లలు సైతం ఫజర్‌కి ముందు, మధ్యాహ్నం విశ్రాంతివేళ, ఇషా తర్వాత అనుమతి అడిగి గదిలోకి రావాలని సూరా నూర్‌లో ఉంది. పరాయి గుమ్మం దగ్గర ఇజాజత్ అడగమని పిల్లలకి నేర్పే మనం, యాప్‌కి మాత్రం ఎందుకు మినహాయింపు ఇస్తున్నాం? పర్దా అంటే బుర్ఖా ఒక్కటే అనుకుంటే ఇలాగే ఉంటుంది.

నైట్ షిఫ్టుకి పోయే తల్లి బిడ్డని ఆయా దగ్గర వదలాల్సి వస్తే వైఫై జరూరత్ నిజమే. అప్పుడు కెమెరా ఉందని ఆయాకి చెప్పాలి. ఆమెకీ ఇజ్జత్ ఉంది. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మొదటిరోజే మార్చాలి, అప్‌డేట్లు వేయాలి, కెమెరా చూపు ఉయ్యాల దాటకుండా తిప్పాలి, ఇంట్లో ఉన్నంతసేపూ ప్లగ్ తీసెయ్యాలి.

మిగతా ఇళ్లకి, తల్లి నాలుగు గదుల అవతలే ఉండే ఇళ్లకి, డెక్ట్ గానీ మూడో రకం గానీ చాలు. చిన్న ఇల్లయితే అదీ అక్కర్లేదు, మున్నా ఏడిస్తే గల్లీ అంతా లేస్తుంది. దుకాణంలో పిక్సెల్స్ అడిగేముందు "ఇంటర్నెట్ లేకుండా ఇది పనిచేస్తుందా?" అని అడగండి. అంతకన్నా ముందు, ఆ గదిలో ఉండబోయే తల్లిని అడగండి.