వెనక సీటులో అవ్వ మాట

పోయిన తైమాసంలో కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ తిరిగి వస్తా ఉన్నాము. సాత్తూరు దాటినాక వెనక సీటులోంచి మా పాప అడిగింది: "నాయనా, పేలు కుట్టినదానికి పెద్దవ్వ అంతగా ఏడ్చిందా?"

నాకు ముందు ఏమీ తెలియలేదు. కారులో అప్పుడు మోగుతా ఉండింది సినిమా పాట కాదు, మా అవ్వ గొంతు. 1990లలో చిన్నాయన టేప్‌రికార్డరు ముందర పెట్టి అవ్వ చేత కథలు చెప్పించి పట్టిన క్యాసెట్లు మీలో చాలామందికి తెలుసు. అవి ఇప్పుడు పెన్‌డ్రైవులో ఉన్నాయి. ఆ పూట వచ్చింది పత్తిచేనులో తేలు కుట్టిన కథ. ముందు సీటులో నాకు తేలు అనే వినపడింది. వెనక ఆ పిల్లకి పేలు అని వినపడింది.

నవ్వుకున్నాము, నిజమే. కానీ నాకు మనసులో కుదరలేదు. నేను చదివింది కన్నడ మీడియం, నాయన ఉద్యోగం అక్కడ కాబట్టి. తెలుగు నాకు చెవులతో వచ్చింది. కన్నడ అక్షరాలు వచ్చినందువల్ల తెలుగు అక్షరాలు తర్వాత నెల రోజుల్లో పట్టుకున్నాను. మా పిల్లలకి ఆ అడ్డదారి లేదు. తమిళంలో త, ద రెండిటికీ ఒకటే అక్షరం. ఇడైసెవల్ కి. రాజనారాయణన్ గారు మనవాళ్ళ వలస కథలన్నీ తమిళంలో రాసినారు, 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం కూడా వచ్చింది. అవి పుస్తకంలో భద్రంగా ఉన్నాయి. అవ్వ కథలు తెలుగులో, గొంతులో మాత్రమే ఉన్నాయి. వాటిని పిల్లలు కదలకుండా కూర్చుని వినే చోటు, ఆదివారం ఈ యాభై కిలోమీటర్ల కారు ప్రయాణం ఒక్కటే. ఇంట్లో అయితే రెండు నిమిషాలకి లేచి పోతారు.

అందుకే ఈ స్పీకరు పలక గురించి ఇంత రాస్తున్నాను. కారు పిచ్చి అనుకోకండి.

మా కారు పాత హ్యాచ్‌బ్యాక్. వెనక స్పీకర్లు లేవు. మొదట ఒక అంగడిలో ఆరు-తొమ్మిది అంగుళాల కోడిగుడ్డు ఆకారం స్పీకర్లు జత, ఒక పార్టికిల్ బోర్డు పలక వేసి ఇచ్చినారు. "సార్, బాస్ అదిరిపోతుంది" అన్నాడు ఆ అబ్బాయి. అదిరింది. నాలుగు నెలలకి స్క్రూలు పొడి రాలి ఊడినాయి, ప్రతి స్పీడ్‌బ్రేకరుకీ పలక టకటకమనేది. అవ్వ మాట డబ్బాలో నోరు పెట్టి మాట్లాడినట్టు అయ్యింది.

బెంగళూరులో నాతో పనిచేసే కారు ఆడియో మిత్రులను అడిగితే ఇంకో మాట చెప్పినారు: వెనక స్పీకర్లు పీకేయ్, డబ్బంతా ముందు తలుపుల్లో పెట్టు. ఒంటరిగా ఆఫీసుకి పోయేవాడికి అది సరైన సలహానే. కానీ మన కార్లలో వినేవాళ్ళు వెనకే కదా కూర్చుంటారు! ముసలివాళ్ళు, పిల్లలు, ఒడిలో మూటలు. నా అభిప్రాయం ఒకటే: వెనక స్పీకర్లు కావాలి, పెద్ద యాంప్లిఫైయరు అవసరం లేదు, ఖర్చు పెట్టాల్సింది పలక మీద.

ఎందుకంటే స్పీకరు కోను ముందుకు కదిలితే వెనక గాలి లాగుతుంది, వెనక్కి కదిలితే తోస్తుంది. రెండువైపుల గాలీ సందుల్లోంచి కలిస్తే కింది స్వరాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పలక పలచగా ఉంటే కోనుతో పాటు అదీ ఆడుతుంది, తన సొంత మోత ఒకటి కలుపుతుంది. ఆ మోత మాట మీద దుప్పటి కప్పినట్టు కప్పేస్తుంది. పైగా 'ప'కీ 'త'కీ తేడా తెలిపే చిన్న చప్పుడు సుమారు రెండువేల హెర్ట్జ్ పైన ఉంటుంది. పడుకోబెట్టిన స్పీకరులో అది నేరుగా పైన అద్దానికి పోయి కొడుతుంది, పిల్ల చెవికి రాదు.

నేను టెస్టరును కాబట్టి ఒకసారికి ఒకటే మార్చినాను. అదే ఒక నిమిషం కథ, అదే రోడ్డు, అదే వేగం. పాప వెనక కూర్చుని వినపడిన మాటలు తిరిగి చెప్పాలి.

మొదటి మార్పుకి పైసా ఖర్చు కాలేదు. ఆ పాత టేపుల్లో కరెంటు గుయ్యిమనే మోత ఉంది, మన కరెంటు 50 హెర్ట్జ్ కదా. స్టీరియోలో హై-పాస్ ఫిల్టరు 100కి పెట్టినాను. ఆడవాళ్ళ గొంతు సాధారణంగా 165 పైనే మొదలౌతుంది, అవ్వకి నష్టమేమీ లేదు. మోత చాలా తగ్గింది. అదిరే బాస్ అమ్మినవాడు నాకు ఆ కరెంటు మోతనే పెద్దది చేసి అమ్మినాడన్నమాట!

రెండోది వైర్లు. ఒకటిన్నర వోల్టు బ్యాటరీని స్పీకరు ప్లస్, మైనస్‌లకి ఒక్క క్షణం తాకిస్తే కోను బయటికి రావాలి. మా ఎడమ స్పీకరు లోపలికి పోయింది. అంటే తిరగేసి కలిపినారు. రెండు స్పీకర్లూ ఒకదానికొకటి ఎదురు తిరిగి పనిచేస్తా ఉంటే మాట పలచబడకుండా ఎట్లా ఉంటుంది?

పలక చివర. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ అట్టపెట్టె ఒకటి విప్పి, వెనక భాగానికి సరిగ్గా నమూనా కోసినాను. దాన్ని ఆశారి దగ్గరికి తీసుకుపోతే 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై, ఐఎస్ 710 ముద్ర ఉన్నది, తెప్పించమన్నాడు. "కుర్చీకైతే వేరే చెక్క పెడతానయ్యా, నీది ఎండలో ఉడికేది కదా" అన్నాడు. వెనక అంచు కింద రీపరు పెట్టి స్పీకర్లు కొంచెం ముందుకు వాలేటట్టు చేసినాము, డ్రైవరు అద్దంలో వెనక బండి కనపడుతుందా అని కూర్చుని చూసుకుంటా. అంచుల చుట్టూ ఫోము, పైన ఫెల్టు గుడ్డ.

ఒక్క విషయంలో మాత్రం బతిమాలుతున్నాను. పలక, స్పీకర్లు కలిస్తే ఆరేడు కిలోలు. గట్టిగా బ్రేకు వేస్తే అది పిల్లల తలల మీదికే వస్తుంది. ప్లాస్టిక్ అంచు మీద ఊరికే పెట్టకండి. నాలుగు చోట్ల ఎల్-బ్రాకెట్లతో కారు ఇనుముకి బోల్టు వేయండి. తలుపుతో పాటు పలకను ఎత్తే తాళ్ళు తీసేయండి, అంత బరువుకి అవి నిలవవు. మా అత్తగారు సామాను ఎక్కడ పెట్టేదని కోప్పడినారు, ఆమె మాటలో న్యాయం ఉంది. అందుకే రెక్కల నట్లు వేసి, వైర్లకి కప్లరు పెట్టినాను. పది నిమిషాల్లో పలక ఊడుతుంది. పండక్కి బియ్యం మూట తెచ్చేటప్పుడు ఊడదీస్తాను.

పోయిన ఆదివారం మళ్ళీ అదే కథ పెట్టినాను. సాత్తూరు కూడా రాలేదు, పాప అడిగింది: "తేలు కుడితే ఉల్లిగడ్డ ఎందుకు రుద్దినారు?" దానికి నా దగ్గర జవాబు లేదు. కోవిల్‌పట్టి అత్తకి తెలిసి ఉండాలి.

ఇంకా రెండు క్యాసెట్లు మిగిలినాయి, టేపు మీద తెల్లగా బూజు పట్టింది. మీలో ఎవరింట్లోనైనా తిరిగే డెక్కు ఉంటే చెప్పండి, వచ్చి తీసుకుపోతాను. బూజు తుడవకుండా మాత్రం వేయకండి.