బందరుకోట వైపు మళ్లేవారేరీ?

కార్తీక పౌర్ణమికి మంగినపూడి సముద్ర స్నానానికి మన జిల్లా జనం వేల సంఖ్యలో వెళతారు. మునకలు వేసి, చిలకలపూడి పాండురంగని దర్శించుకుని ఇంటి దారి పడతారు. బందరుకు అయిదారు కిలోమీటర్లలోపే ఉన్న కోట వైపు మళ్లేవారు మాత్రం బహు తక్కువ. పిల్లల్ని గోలకొండ దాకా విహారయాత్రకు తీసుకెళ్లే మేష్టార్ల కంటికి కూడా ఈ కోట ఆనదు.

శిథిలాలే గదా, ఏముంది చూడటానికి అంటారు. నిజమే, ఇది రాజులు ఏలిన కోట కాదు, వర్తకుల కోట. వారు వచ్చింది మన అద్దకపు బట్ట కోసం. 17వ శతాబ్దం మొదట్లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు బందరులో వర్తక స్థావరాలు పెట్టారు. వారి వెనుక ఫ్రెంచివారు దిగారు. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అనే పేర్లు అందుకే మిగిలాయి. 1750లో ఫ్రెంచివారి చేతికి వచ్చిన కోటను 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు రాత్రివేళ దాడి చేసి పట్టుకున్నాడు. కోస్తా జిల్లాలు ఇంగ్లీషువారి పాలు కావడానికి ఇక్కడే దారి పడింది.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో బందరు ప్రాంతంలో సుమారు 30 వేల మంది పోయారు. 1977 నాటి దివిసీమ ఉప్పెనను తలచుకుంటాం గాని వీరిని తలచే దినమే లేదు. కోట దగ్గర వారి పేర ఒక శిలాఫలకం నిలపాలి. అక్షరాలు తెలుగులో, మన ముసలివాళ్లు కూడా చదవగలిగేంత పెద్దవిగా ఉండాలి.

ఇక తోట సంగతి. పార్కు అనగానే పచ్చిక, గులాబీలు అంటారు అధికారులు. ఉప్పునేలలో అవి ఎన్నాళ్లు బతుకుతాయి? నీడకు కానుగ, సరుగుడు చాలు. ఒక పక్క ఇసుక పోసి చిరివేరు, నీలి మొక్కలు పెంచాలి. చిరివేరు కృష్ణాతీరపు ఇసుక నేలల్లో పండేది. దానితో వచ్చిన ఎరుపు కోసమే ఓడలు వచ్చాయి. రసాయన రంగులు వచ్చాక దాన్ని మరిచాం. పెడనలో కలంకారీ అద్దేవారినే పిలిచి ఈ మొక్కలు పెట్టిస్తే, కోట ఎందుకు కట్టారో పిల్లలకు పాఠం చెప్పనక్కరలేదు.

పంచాయతీ మంచినీళ్లు చూడాలి. పురావస్తు శాఖవారు ఇటుకలు ఊడిపోకుండా కాపాడాలి. పౌర్ణమి రోజున మంగినపూడికి నడిపే ప్రత్యేక బస్సుల్లో రెండింటిని ఆర్టీసీవారు కోట దాకా నడిపి చూడాలి.