యంత్రమునకు లయ నేర్పినదెవరు?

తాళము వేయు యంత్రమున ప్రాణముండదని సంగీతప్రియులు పలువురు తీర్పు చెప్పుచుందురు. విద్యార్థులును ఆ మాటనే అప్పగించుచున్నారు. నాకిది తొందరపాటుగా తోచుచున్నది.

1980లో జపాను దేశపు రోలాండ్ కంపెనీ టీఆర్-808 అను తాళయంత్రమును తెచ్చెను. దానికి అసలు డోలు ధ్వని రాలేదు, అమ్మకమును సాగలేదు, 1983తో తయారీ నిలిచెను. పాతసామానుగా చవుకకు దొరకుటచే అది చికాగో, డెట్రాయిట్ నగరముల నల్లజాతి యువకుల చేత బడి హౌస్, టెక్నో నృత్యసంగీతములకు ఊతమయ్యెను.

అమెరికాలో రోజర్ లిన్ 1980లో తెచ్చిన ఎల్ఎం-1 యంత్రమున 'స్వింగ్' అను సదుపాయమొకటి యుండెను. నిమిషమునకు 120 దెబ్బల నడకలో దెబ్బకు అర సెకను. అందు నాలుగవ పాలు 125 మిల్లీసెకన్లు. రెండవ, నాలుగవ పాళ్లను కేవలము 10 మిల్లీసెకన్లు జాపి పలికించిన చాలును, కవాతు నడక కాస్తా నాట్యపు నడక యగును. ఎంత జాపవలెనో యంత్రమెరుగదు. దానిముందు కూర్చున్నవాని చెవి యెరుగును.

కంప్రెసర్ పనియు నట్టిదే. పెద్ద డోలు పడిన క్షణమున మంద్రస్వరమును అణచి, పిదప మెల్లగా లేవనిచ్చును. మరుసటి దెబ్బకు ముందే అది లేవవలెను. లేకున్న ఊపు కుంటువడును. సమస్తమును అణచి ఒకే యెత్తున అరపించువారును కలరు. వారిని నేను సమర్థింపను.

ఉపాధ్యాయులు ఒకే తాళమును తిన్నగా నొకసారి, జాపి యొకసారి వినిపించి, ఏది కాలు కదిలించినదో పిల్లలనే అడుగవచ్చును.