సమ్మె లేని సంఘం ఎవరిది?

ఫాసిజం పాఠాన్ని మేం టీచర్లం ముస్సోలినీ, హిట్లర్ అని రెండు పేర్లతో ముగించేస్తున్నాం. అది కార్మికుల మాటలు, కార్మికుల జెండా పట్టుకునే కార్మికుల దగ్గరికి వచ్చిందని చెప్పడం లేదు. అది మా తప్పు. ఆ తప్పు దిద్దుకోవాలంటే జాతీయ సిండికలిజం గురించి మాట్లాడాలి.

కార్మికులు తమ సంఘాల బలంతో, సమ్మెతో పోరాడి ఫ్యాక్టరీలను తామే నడుపుకోవాలన్నది సిండికలిజం. దాని ప్రాణం సమ్మె. ముందు 'జాతీయ' అని చేర్చినవాళ్లు ఆ ప్రాణాన్నే తీసేశారు. దేశం ముందు కూలీ, యజమాని ఒకటే అన్నారు. ఇద్దరినీ ఒకే వ్యవస్థలో కట్టి ప్రభుత్వం పెత్తనం చేయడమే వాళ్ల కార్పొరేటిజం. అంటే పెద్ద కంపెనీల పాలన అని కాదు.

ఇటలీలో ఏం జరిగింది? 1926 చట్టం సమ్మెను నిషేధించింది. కాగితం మీద యజమానుల లాకౌట్‌నూ నిషేధించింది. మరుసటి ఏడాదే కూలి రేట్లు కోశారు. ఒకప్పటి సిండికలిస్టు రొస్సోని నడిపిన ఫాసిస్టు కార్మిక సమాఖ్యను కూడా 1928లో ముక్కలు చేశారు. యజమానుల సమాఖ్య మాత్రం చెక్కుచెదరలేదు.

స్పెయిన్‌లో 1931లో లెడెస్మా రామోస్ బృందం అరాచకవాద కార్మికుల ఎరుపు నలుపు రంగులనే తన జెండాకు తీసుకుంది. 1934లో ఫలాంజే పార్టీతో కలిసింది. 1937లో ఆ పార్టీని ఫ్రాంకో తన గుప్పిట్లోకి తీసుకున్నాడు. 1938 నాటి అతని కార్మిక శాసనం ఉత్పత్తికి అడ్డుపడటాన్ని దేశద్రోహంగా లెక్కగట్టింది. ప్రభుత్వ సంఘంలో చేరడం తప్పనిసరి అయింది. ఆ సంఘం 1977 దాకా సాగింది.

ఫ్రాంకో మోసం చేశాడు, సిద్ధాంతం మంచిదే అని వాదించేవాళ్లున్నారు. లెడెస్మా 1935లోనే ఫలాంజే నుంచి బయటికి వచ్చిన మాట నిజమే. కానీ యజమానినీ కూలీనీ కలిపే నిలువు సంఘాలు ఫలాంజే 27 సూత్రాల్లోనే ఉన్నాయి. బ్యాంకుల జాతీయం కూడా వాటిలోదే. ఫ్రాంకో బ్యాంకుల మాట వదిలేశాడు, నిలువు సంఘాలను ఉంచుకున్నాడు. యజమానికి పనికొచ్చిందే మిగిలింది.

కూలీ యజమానితో కూర్చుని మాట్లాడటమే ఫాసిజం అని మేం అనడం లేదు. అదే 1938లో స్వీడన్‌లో కార్మిక సమాఖ్య యజమానుల సమాఖ్యతో ఒప్పందం చేసుకుంది. అక్కడి సంఘాలు కార్మికులు కట్టుకున్నవి. సమ్మె చేసే హక్కు వాళ్ల చేతిలోనే ఉంది. తేడా అంతా అక్కడే ఉంది.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, జెండా రంగు చూసి, సంఘం పేరు విని నమ్మకండి. ఒక్క ప్రశ్న అడగండి: ఇందులో మేం 'వద్దు' అంటే చెల్లుతుందా? 'వద్దు' చెల్లని గ్రామసభ ఎంత ఉత్తదో మనకు తెలుసు. సమ్మె లేని సంఘమూ అంతే.